మీ ప్రశ్నలు – మా జవాబులు: బిడ్డను ఎవరికి అప్పగించి పనికి వెళ్లాలి?

ఉద్యోగం చేసే తల్లిదండ్రులు పిల్లల సంరక్షణ గురించి, దానికయ్యే ఖర్చు గురించి రాసిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ సంచికలో జవాబిస్తున్నాం. రాసినవారి పేర్లనూ, వారు పనిచేసే సంస్థల పేర్లనూ వారి కోరిక మేరకు తొలగించాం.

ప్రశ్న: మేము మియాపూర్‌లో ఉంటాం. నేను బాలానగర్‌లోని ఒక వ్యాపార సంస్థలో నాలుగేళ్లుగా అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. జీతం 20,500 రూపాయలు. కోతలన్నీ పోగా 18,700 చేతికి వస్తుంది. మావారు సొంత ఆటో నడుపుతారు; గ్యాసు ఖర్చూ, బండి వాయిదా పోగా నెలకు 22,000 దాకా మిగులుతుంది. మా పాపకు పది నెలలు. ఇంతకాలం అత్తయ్యగారే చూసుకున్నారు. వచ్చే నెలలో మా ఆడపడుచు కాన్పు ఉండడంతో ఆమె ఊరికి వెళ్లిపోతున్నారు, పైగా మోకాళ్ల నొప్పులతో పాపను ఎత్తుకోవడం కూడా ఆమెకు కష్టమవుతోంది. మా వీధి చివర ఉన్న డే కేర్‌లో నెలకు 8,500 అడుగుతున్నారు, అడ్మిషన్‌కు మరో 10,000 కట్టాలి. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఉంచుకుంటారు, ఆ తర్వాత ప్రతి అరగంటకూ వంద రూపాయలు అదనం. నా డ్యూటీ పది నుంచి ఏడు వరకు. మెట్రోలో వచ్చి ఇల్లు చేరేసరికి ఏడూ ముప్పావు అవుతుంది. పక్క వీధిలో ఒకావిడ తన ఇంట్లోనే నలుగురు పిల్లలను చూసుకుంటున్నారు. నెలకు 5,500 ఇస్తే రాత్రి ఎనిమిది దాకా ఉంచుకుంటానన్నారు. ఇంటికి వచ్చే ఆయాకైతే 15,000 ఇవ్వాలట. ‘నీ జీతమంతా దానికే పోతుంటే ఉద్యోగమెందుకు, మానెయ్’ అని కొందరు, ‘పాపను అత్తగారితో ఊరికి పంపెయ్’ అని కొందరు అంటున్నారు. మా సంస్థలో ఎనభై మంది దాకా పనిచేస్తున్నా క్రెచ్ (ఉద్యోగుల పసిపిల్లలను పగలు చూసుకునే చోటు) అన్న మాట ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. నన్నేం చేయమంటారు? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందుగా ఆ 8,500 రూపాయల సంగతి తేల్చుకుందాం. వాళ్లు మూసేది ఆరున్నరకు, మీరు వచ్చేది ఏడూ ముప్పావుకు. మధ్యనున్న గంటంబావును మూడు అరగంటల కింద కట్టి రోజుకు 300 రూపాయలు అడుగుతారు. నెలకు 25 పనిదినాలు వేసుకుంటే అదనపు రుసుమే 7,500 అవుతుంది. అంటే ఆ డే కేర్ మీకు 16,000 రూపాయలకు పడుతుంది. ఇంటికి వచ్చే ఆయాకు ఇచ్చేదానికన్నా అది ఎక్కువ. చాలామంది తల్లిదండ్రులు బోర్డు మీద రాసిన నెల రుసుమును చూసి చౌక, ఖరీదు అని తేల్చేస్తారు గానీ, తమకు రోజుకు ఎన్ని గంటలు కావాలో ముందు రాసుకుని ఆ గంటలకు ఎంత పడుతుందో చూసుకోరు. మీకు కావలసింది ఉదయం తొమ్మిదింబావు నుంచి రాత్రి ఏడూ ముప్పావు దాకా, పదిన్నర గంటలు. ఎవరి దగ్గరికి వెళ్లినా ఆ పదిన్నర గంటలకు ఎంతని అడగండి. సెలవు రోజుల్లో, పాపకు జ్వరం వచ్చి పంపని రోజుల్లో డబ్బు తగ్గిస్తారా అనీ, మానేస్తే అడ్మిషన్ రుసుములో ఏమైనా వెనక్కి ఇస్తారా అనీ కూడా అప్పుడే అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోండి.

ఇక ఉద్యోగం మానెయ్యమన్న సలహా. ఆ సలహా ఇచ్చేవారు సంరక్షణ ఖర్చును ఎప్పుడూ తల్లి జీతంలోంచే తీసివేస్తారు. తండ్రి సంపాదనలోంచి తీసివేసి ‘నువ్వెందుకు ఆటో నడపడం’ అని అడిగినవారిని మేమింతవరకూ చూడలేదు. పాప మీ ఇద్దరిదీ కాబట్టి ఆ ఖర్చును ఇంటికి వచ్చే 40,700 రూపాయల్లోంచి తీసివేయాలి. పైగా మీరు మానేస్తే పోయేది ఆ 18,700 ఒక్కటే కాదు. మీ పీఎఫ్ ఖాతాకు సంస్థ తన వంతుగా వేసే మొత్తం ఆగిపోతుంది. మీ జీతం 21,000 లోపు కాబట్టి మీకు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, వర్తిస్తోంది. మీవారిది సొంత ఆటో కనుక ఆయనకూ, పాపకూ వైద్యం అందుతున్నది మీ ఉద్యోగం వల్లనే. పది నెలల పాప ఉన్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. ఉద్యోగం వదిలేటప్పుడు సంస్థ ఇచ్చే గ్రాట్యుటీకి సాధారణంగా అయిదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. నాలుగేళ్లు చేసి ఇప్పుడు వదులుకుంటే ఇన్నాళ్ల సర్వీసుకూ ఏమీ రాదు. ఇవన్నీ లెక్కలోకి తెచ్చాక కూడా, పాప దగ్గర ఉండాలనే కోరిక బలంగా ఉండి మానెయ్యాలనుకుంటే అది మీ ఇష్టం, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ‘జీతమంతా దానికే పోతుంది’ అన్న కారణంతో మాత్రం మానకండి, ఎందుకంటే ఆ లెక్క తప్పు.

పాపను ఊరికి పంపే విషయంలో మా అభిప్రాయం సూటిగా చెబుతాం: వద్దు. మన ఇళ్లలో అమ్మమ్మల దగ్గర, నాయనమ్మల దగ్గర పెరిగి చక్కగా ఎదిగినవారు లక్షల మంది ఉన్నారు, ఆ ఏర్పాటును మేము చులకన చేయడం లేదు. కానీ మీ అత్తగారు వెళ్తున్నది బాలింతకూ, పసిగుడ్డుకూ చాకిరీ చేయడానికి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి దానితోపాటు పారాడే పిల్లను కూడా అప్పగించడం ఆమె మంచితనాన్ని వాడుకోవడమే అవుతుంది. ఆమె కాదనలేకపోవచ్చు, అందుకే ఆ మాట మీరే ఆమెను అడగకుండా ఉండాలి.

డబ్బు ఖర్చు లేకుండా సర్దుకోగలిగేవి రెండు ఉన్నాయి. ఒకటి మీ డ్యూటీ వేళలు. పది నుంచి ఏడు వరకు ఉన్నదాన్ని తొమ్మిది నుంచి ఆరు వరకు మార్చమని అడగండి. అకౌంట్స్ పనిలో ఆ గంట ఇటు జరపడం ఏ సంస్థకూ పెద్ద కష్టం కాదు. అప్పుడు మీరు ఏడు లోపే ఇల్లు చేరతారు. అయితే ఉదయం మీరు ఎనిమిదింబావుకే బయలుదేరాలి కనుక, డే కేర్ తెరిచేదాకా పాపను ఉంచుకుని అక్కడ దింపి వెళ్లడం మీవారి వంతు అవుతుంది. రెండోది ఆయన బండే, పాపను ఆయనే ఇంటికి తీసుకురావచ్చు. సాయంత్రం ఆరున్నరకు గిరాకీ బాగా ఉండే వేళని ఆయన అనవచ్చు, నిజమే. కానీ ఆ అరగంటలో వచ్చే కిరాయిని ఒకవైపూ, డే కేర్ అదనపు రుసుమును మరోవైపూ పెట్టి చూసుకుంటే ఏ రోజుల్లో ఆయన తీసుకురావాలో, ఏ రోజుల్లో రుసుము కట్టడమే మేలో మీ ఇద్దరికీ తేలుతుంది.

ఇప్పుడు మీ సంస్థ విషయానికి వద్దాం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెచ్ సదుపాయం కల్పించడం తప్పనిసరి అయింది. ఆ యాభై మందిలో ఆడవారు ఎందరన్న ప్రశ్న లేదు. ఈ నిబంధన 2017 జూలై 1 నుంచి అమల్లో ఉంది. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలోకి 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, క్రెచ్ నిబంధన అందులోనూ కొనసాగింది. రోజుకు నాలుగుసార్లు తల్లి క్రెచ్‌కు వెళ్లి బిడ్డను చూసుకోవడానికి యజమాని అనుమతించాలి. మామూలు విశ్రాంతి సమయం కూడా ఆ నాలుగింటిలోకే వస్తుంది. బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు విడిగా ఉన్నాయి, కాబట్టి ఇప్పటికీ అవి మీ హక్కే.

ఎనభై మంది ఉన్న సంస్థ మీ ఒక్క పాప కోసం గది కట్టి ఆయాను పెడుతుందని ఆశించలేం, చట్టం కూడా అలాగే పెట్టాలని పట్టుబట్టదు. నాలుగు సంస్థలు కలిసి ఒకటి నడుపుకోవచ్చు, లేదా ప్రభుత్వం, మున్సిపాలిటీ, స్వచ్ఛంద సంస్థ, ప్రైవేటు వ్యక్తులు నడిపే క్రెచ్‌తో ఒప్పందం పెట్టుకోవచ్చు. పట్టు దొరికేది ఇక్కడే. ‘మన కార్యాలయంలో క్రెచ్ లేదు, చట్టప్రకారం ఉండాలి, దగ్గరలోని ఫలానా డే కేర్‌తో సంస్థ మాట్లాడుకుని రుసుములో కొంత భరిస్తే నిబంధన నెరవేరుతుంది’ అని ఒక పేజీ అర్జీ రాయండి. ఒక్కరే రాస్తే అది మీ సొంత గోడుగా మిగిలిపోతుంది. ఆరేళ్ల లోపు పిల్లలున్న తోటి ఉద్యోగులతో, ముఖ్యంగా తండ్రులతో కూడా సంతకాలు పెట్టించండి. రుసుము ఎవరు కట్టాలన్నది చట్టంలో విడమరిచి లేదు కాబట్టి ‘సగం’ అని మీరే అడగడంలో తప్పు లేదు. అర్జీని మెయిల్‌లో పంపండి, నోటిమాటగా వదిలేయకండి. ఫలితం రావడానికి నెలలు పట్టవచ్చు గనుక దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

కాబట్టి వచ్చే నెలకు మీ ముందున్నవి ఆ డే కేర్, పక్క వీధి ఆవిడ. ధర చూస్తే ఆవిడే నయం, వేళలు చూసినా ఆవిడే నయం. నలుగురు పిల్లలున్న ఇల్లు పాతికమంది ఉన్న హాలు కన్నా పది నెలల పాపకు అనుకూలంగా ఉండే అవకాశం కూడా ఉంది. అయితే ఇలాంటి ఇళ్లను తనిఖీ చేసేవారెవరూ ఉండరు, ఆ పని మీరే చేయాలి. ముందుగా చెప్పి వెళ్లవద్దు. మధ్యాహ్నం ఒంటిగంట, రెండు గంటల మధ్య వెళ్లండి. పిల్లలకు అన్నాలు పెట్టి పడుకోబెట్టే ఆ వేళలోనే మనిషి ఓపిక తెలుస్తుంది. తినని పిల్లవాడితో ఆమె ఎలా మాట్లాడుతోంది, ఏడ్చే పిల్లను ఎంతసేపటికి ఎత్తుకుంటోంది, టీవీ ఎప్పటినుంచి మోగుతోంది అన్నవి గమనించండి. పిల్లలను ఎక్కడ పడుకోబెడుతున్నారో చూడండి. చీరతో కట్టిన ఉయ్యాల అయితే, పట్టుకుని లేచి నిలబడే వయసు పిల్లను అందులో వేసి పక్కగదిలోకి వెళ్లడం ప్రమాదం. మీ పాపను కింద పరుపు మీదే పడుకోబెట్టమని చెప్పండి. స్నానాలగదిలో నీళ్లు నింపిన బకెట్లు ఉన్నాయేమో, తలుపుకు బయట గడియ ఉందో లేదో చూడండి. జానెడు నీళ్లున్న బకెట్ కూడా ఈ వయసు పిల్లలకు ప్రాణాంతకం. వంటింటికి అడ్డు ఉందా, మెట్లకు గేటు ఉందా, కింది వరస ప్లగ్గులకు మూతలున్నాయా అన్నవి ఒక్క చూపులోనే తెలిసిపోతాయి.

అడగడానికి మొహమాటం వేసే ప్రశ్నలు కొన్ని ఉంటాయి, అవి తప్పకుండా అడగండి. పగటిపూట ఆ ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉంటారు, వచ్చిపోయే బంధువులెవరు, ఆవిడకు జ్వరమొస్తే లేదా పెళ్లికి ఊరెళితే ఆ రోజు పిల్లలను ఎవరు చూస్తారు? ఇప్పుడు పిల్లలను పంపుతున్న తల్లుల్లో ఇద్దరితో ఆవిడ ఎదుట కాకుండా విడిగా మాట్లాడండి. మానేసినవారెవరైనా ఉంటే వారితో మాట్లాడడం ఇంకా మంచిది. ఈ ప్రశ్నలకు ఆవిడ నొచ్చుకుంటే అదే ఒక జవాబు. పిల్లలను పెంచడం తెలిసిన మనిషికి తల్లి భయం అర్థమవుతుంది.

అన్నీ సరిపోయాయనుకుంటే అత్తగారు ఊరెళ్లే దాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. మొదటి రెండు మూడు రోజులు అత్తగారిని అక్కడే ఒక గంట కూర్చోమనండి, తర్వాత గంట వదిలి రమ్మనండి, ఆ పైన పూట, ఆ పైన రోజంతా. ఈ వయసులో కొత్తవారిని చూసి బెదరడం సహజం కాబట్టి మొదటి వారం ఏడుపును చూసి నిర్ణయం మార్చుకోకండి. రెండు మూడు వారాలైనా తిండి మానేసి, నిద్రలో ఉలిక్కిపడుతూ ఉంటే మాత్రం మార్చుకోండి. తొమ్మిది నెలలకు వేయించే తట్టు–రుబెల్లా టీకా అయిందో లేదో కార్డు చూసుకోండి, మిగతా నలుగురు పిల్లల కార్డుల సంగతీ అడగండి. పదిమంది పిల్లల్లో పడ్డాక జలుబులు, జ్వరాలు తప్పవు కనుక, పాప ఇంట్లో ఉండాల్సిన రోజున మీలో ఎవరు సెలవు పెడతారో వంతులు ముందే అనుకోండి. ఇంకొకటి: ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం అనే పోషకాహార పొడి ఇస్తారు. పాపను అక్కడ వదలకపోయినా పేరు నమోదు చేయించి తెచ్చుకోవచ్చు. పక్క వీధి ఆవిడకు ఆ పొడి ఇచ్చి వండి పెట్టమంటే తిండి ఖర్చు కొంత తగ్గుతుంది.

ప్రశ్న: మాది గుంటూరు. నేను సెల్‌ఫోన్ల దుకాణంలో, నా భార్య ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేస్తున్నాం. ఇద్దరమూ ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర. బాబుకు మూడేళ్ల నాలుగు నెలలు. దగ్గరలోని ప్రైవేటు బడిలో నర్సరీకి ఏడాదికి 28,000 అడుగుతున్నారు, మధ్యాహ్నం పన్నెండున్నరకే వదిలేస్తారు. రెండు వీధుల అవతల అంగన్‌వాడీ ఉంది. అక్కడ వేస్తే చదువులో వెనకబడతాడని, చుట్టాల్లో చిన్నతనమని నా భార్య బాధపడుతోంది. – ఒక తండ్రి

జవాబు: చుట్టాల సంగతి ముందు పక్కన పెడదాం, వారు నర్సరీ ఫీజు కట్టరు కదా. పన్నెండున్నరకు వదిలే బడికి పంపితే ఏడున్నర దాకా ఏడు గంటలపాటు బాబును చూసే మనిషి కావాలి. అంగన్‌వాడీ సాధారణంగా ఉదయం తొమ్మిదింటికి తెరిచి సాయంత్రం నాలుగు ప్రాంతంలో మూస్తారు కనుక, అక్కడైతే మూడున్నర గంటలకే మనిషిని వెతుక్కోవాలి. అంటే 28,000 కట్టి మరీ మీరు సంరక్షణ ఖర్చును రెట్టింపు చేసుకుంటున్నారు. అంగన్‌వాడీలో మధ్యాహ్నం వేడి భోజనం, గుడ్డు పెడతారు. బరువు, ఎత్తు చూస్తారు, టీకాలు గుర్తుచేస్తారు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య మొదటి నుంచీ భాగమే, ‘అన్నం పెట్టే చోటు’ అన్న పేరు దానికి మనం తగిలించిందే.

వెనకబడడం గురించి: జాతీయ విద్యావిధానం 2020 ప్రకారం ఒకటో తరగతిలో చేరడానికి ఆరేళ్లు నిండాలి. మీవాడికి ఇంకా రెండేళ్లకు పైగా సమయం ఉంది. ఈ వయసులో కావలసింది పాటలు, కథలు, మట్టి, రంగులు, తోటిపిల్లలతో పోట్లాడి మళ్లీ కలవడం. మూడేళ్లవాడి చేత నాలుగు గీతల పుస్తకంలో అక్షరాలు దిద్దించి, ఇంటికి హోంవర్క్ పంపే బడిని మేమైతే ఉచితంగా చేర్చుకుంటామన్నా వద్దంటాం.

అయితే అన్ని అంగన్‌వాడీలూ ఒకేలా ఉండవు, అందువల్ల మీది ఎలాంటిదో మీరే చూసుకోవాలి. ఒక రోజు పదకొండు గంటలకు, మరో రోజు మూడు గంటలకు వెళ్లండి. పదకొండుకు పదిహేను మంది పిల్లలుండి మూడింటికి ఇద్దరే ఉన్నారంటే, భోజనం కాగానే ఇళ్లకు పంపేస్తున్నారని అర్థం. అప్పుడు మీ లెక్క మారిపోతుంది. టీచర్‌తో పాటు ఆయా పోస్టు భర్తీ అయి ఉందా, మరుగుదొడ్డికి నీళ్లు వస్తున్నాయా, గేటు మూసి ఉంటుందా అని చూడండి. మీరిద్దరూ ఉద్యోగులని, నాలుగు దాకా బాబు అక్కడే ఉంటాడని టీచర్‌కు ముందే చెప్పండి. సర్వేలు, రిజిస్టర్లు, యాప్‌లలో నమోదులు, ఎన్నికల పనుల మధ్య ఆమె నలిగిపోతుంటుంది. అజమాయిషీ చేసినట్టు కాకుండా సాయం అడిగినట్టు మాట్లాడితే పని జరుగుతుంది. వేసవిలో వేళలు కుదించడం, సెలవులివ్వడం ఉంటాయి గనుక ఆ వారాలకు వేరే ఏర్పాటు ముందే చూసుకోండి.

నాలుగు నుంచి ఏడున్నర దాకా చూసే మనిషి కోసం మీ వీధిలోని డ్వాక్రా సంఘంలో అడగండి. ఒంటరిగా ఉండే ఒకావిడకు మీవాడితో పాటు మరో ఇద్దరు పిల్లలను అప్పగిస్తే ఆమెకు ఆదాయం, మీ మూడు కుటుంబాలకూ తలా కొంత ఖర్చు. బాబును తీసుకెళ్లేది ఫలానా ఆవిడే అని పేరు, ఫోన్ నంబరు రాసి టీచర్‌కు ఇవ్వండి, వేరెవరికీ అప్పగించవద్దని స్పష్టంగా చెప్పండి.

మీ ప్రాంతంలో పాల్నా పథకం కింద అంగన్‌వాడీతో కలిపి క్రెచ్ మంజూరైందేమో అంగన్‌వాడీలను పర్యవేక్షించే సీడీపీఓ (శిశు అభివృద్ధి పథక అధికారి) కార్యాలయంలో కనుక్కోండి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం కేంద్రం 2022లో మహిళల కోసం ఉన్న మిషన్ శక్తి కార్యక్రమంలో చేర్చిన పథకం ఇది. అంతకుముందు జాతీయ క్రెచ్ పథకం పేరుతో ఉండేది. ఆ పాత పథకంలో తల్లిదండ్రుల నుంచి తీసుకున్న రుసుము దారిద్య్రరేఖ దిగువనున్నవారికి నెలకు 20 రూపాయలు, నెల ఆదాయం 12,000 వరకు ఉన్నవారికి 100, అంతకు మించితే 200. ప్రైవేటు డే కేర్ రుసుములు చూశాక ఆ అంకెలు కలలా అనిపిస్తాయి. అలాంటి కేంద్రాలు ఊరికి ఎన్ని ఉన్నాయన్నదే అసలు చిక్కు.

ప్రశ్న: నేను తెలంగాణలో ప్రభుత్వ ఉపాధ్యాయినిని. ప్రసూతి సెలవు ముగుస్తోంది. శిశు సంరక్షణ సెలవు మొత్తం ఇప్పుడే వాడేసుకోవచ్చా? – ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: తెలంగాణలో ఈ సెలవు సర్వీసు మొత్తానికి 90 రోజులే, అదీ విడతలవారీగానే ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 180 రోజులు, కేంద్ర ఉద్యోగినులకు 730 రోజులు అన్న తేడా తెలిస్తే మీకు కోపం రావడం న్యాయమే. ఉన్నవి తక్కువ కాబట్టి మొదటి విడతను బిడ్డను కొత్త చోట అలవాటు చేసే రోజులకు వాడి, మిగిలినవి జబ్బు చేసినప్పటికీ, ఆ తర్వాత బడిలో చేర్చే ఏడాదికీ దాచుకోండి.

ప్రశ్న: నేను హిందూపురం దగ్గర ఒక దుస్తుల ఫ్యాక్టరీలో టైలర్‌ని. మా యూనిట్‌లో మూడువందల మందికి పైగా ఉన్నాం, ఎక్కువమంది ఆడవాళ్లమే. ‘శిశు సంరక్షణ కేంద్రం’ అని బోర్డు పెట్టిన గది ఒకటి ఉంది, కానీ లోపలంతా బట్టల మూటలు. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే మూటలు తీసి బొమ్మలు పెడతారు. నా రెండేళ్ల కొడుకును పక్కింటివాళ్ల దగ్గర వదిలి వస్తున్నాను, వాళ్లు ఇక చూడలేమంటున్నారు. నేను కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నాను. అడిగే హక్కు నాకుందా? – ఒక కార్మికురాలు

జవాబు: ఉందమ్మా. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 30 మందికి మించి మహిళా కార్మికులున్న చోట ఆరేళ్ల లోపు పిల్లలకు గాలి, వెలుతురు ఉన్న గది, శిక్షణ పొందిన ఆయా ఉండాలని రాసి ఉంది. 2025 నవంబరులో దాని స్థానంలోకి వచ్చిన వృత్తిపర భద్రతా కోడ్ ఆడ, మగ తేడా లేకుండా 50 మందికి మించి కార్మికులుంటే క్రెచ్ ఉండాలంటోంది. మీరు కాంట్రాక్టరు కింద ఉన్నంత మాత్రాన మీ బిడ్డ ఆ గదికి పనికిరానివాడు కాడు; అక్కడ మామూలుగా పనిచేసేవారి లెక్కలో మీరూ ఉంటారు.

కానీ ఒంటరిగా వెళ్లి అడగవద్దు. మిమ్మల్ని రేపటి నుంచి రావద్దనడం కాంట్రాక్టరుకు ఒక్క మాటతో అయ్యే పని. ఇరవై మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అందులో మహిళలకు వారి సంఖ్యకు తగ్గ స్థానం ఉండాలి. ఆ కమిటీలో మీ లైన్ నుంచి ఎవరున్నారో కనుక్కుని, చిన్న పిల్లలున్న పది, పదిహేను మంది కలిసి వారి ద్వారా అడిగించండి. కొత్తగా గది కట్టమని మీరు అడగడం లేదు, ఉన్న గదిలోంచి మూటలు తీసి ఒక ఆయాను పెట్టమంటున్నారు, అంతే. విదేశాలకు బట్టలు పంపే ఫ్యాక్టరీ అయితే, కొనే కంపెనీల తరఫున ఆడిటర్లు వచ్చి కార్మికులతో విడిగా మాట్లాడడం మామూలు. వారు అడిగిన రోజున ఆ గది సంగతి ఉన్నదున్నట్టు చెప్పగలిగితే యాజమాన్యం మీద ఒత్తిడి అటువైపు నుంచీ వస్తుంది. అప్పటికీ కదలకపోతే ఫ్యాక్టరీల శాఖ అధికారికీ, కార్మిక శాఖ కార్యాలయానికీ రాయండి. అర్జీలో మూటలున్న రోజుల తేదీలు రాయండి, ఎందుకంటే తనిఖీ రోజున బొమ్మలే కనిపిస్తాయి. యూనియన్ ఉంటే దాని లెటర్‌హెడ్ మీద పంపించండి. లేకపోతే అందరి సంతకాలూ ఒకే కాగితం మీద గుండ్రంగా పెట్టించండి, అప్పుడు ముందు ఎవరు సంతకం చేశారో తెలియదు. కార్యాలయంలో ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకుని, దాన్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్లకుండా ఇంట్లోనే దాచుకోండి.